బోర్డు మీద ఒక్క పనే ఉంచు

బావా, అన్నం తిని గిన్నె మీద మూత పెట్టు, పిల్లి తిరుగుతోంది. నేను కుట్టుమిషను చూడడానికి టైలరు తాతగారి దగ్గరికి వెళ్తున్నాను.

పడుకోకుండా ఒక పని చెయ్యి. మనం పెట్టబోయే రిపేరు కొట్టుకని నువ్వు రాసిన బోర్డు ఆరింది. బట్టలు, గొడుగులు, పరుపులు, కర్టెన్లు, సంచుల జిప్పులు అంటూ లోకంలో ఉన్న పనులన్నీ ఎక్కించావు. కుంచె చేతిలో ఉంటే నీ కంటికి ఖాళీ జాగా కనపడకూడదు.

నిన్న మన వరసలో పదకొండు ఇళ్లూ తిరిగి, పాడైపోయి మూలపడి ఉన్నవేమిటని అడిగాను. తొమ్మిది ఇళ్లలో జిప్పు పోయిన సంచే చూపించారు. మూలింటి పిన్ని అయితే, "చూసిపోవడం కాదే, పట్టుకుపో" అని రెండు నా చేతిలో పెట్టింది. మంచం కింద ఉన్నాయి, పారెయ్యకు. అదే మన మొదటి బేరం.

అందుకని "సంచుల జిప్పులు బాగుచేస్తాం" అన్న వరస ఉంచి, మిగతా వాటి మీద రంగు కొట్టెయ్యి. కొట్టుకి గది అద్దెకిచ్చే ఆవిడ ఐదింటికి వస్తుంది. మొన్న నీ జాబితా విని, "ఇదంతా ఒక్క గదిలోనా నాయనా?" అని నవ్విపోయింది. ఇవాళ కూడా తేల్చకపోతే గది వేరేవాళ్లకిచ్చేస్తుంది. ఒక్క మాటలో చెప్పు.

బోర్డు అడుగున చీమంత అక్షరాలతో నా పేరు రాశావు, ఇప్పుడే చూశాను. పన్నెండేళ్లుగా బోర్డుల మీద ఊరందరి పేర్లూ రాస్తున్నావు, నా పేరు రాయడం ఇదే మొదలు. ఇప్పుడు జాగా మిగులుతుందిగా, దాన్ని పెద్దది చెయ్యి.