కొక్కేనికున్న చొక్కా

తాయారూ,

సరుకు కోసం తెల్లవారు బండికి కలకత్తా వెళ్తున్నాను. రెండు మూడు గంటల దూరమేగా, సాయంత్రానికి వచ్చేస్తాను. ఇవాళ శుక్రవారం, పాపకి గోళ్లు తీయకు. శుక్రవారమైనా తలంటు రేపటికి ఉంచు. రేపు కొట్టు ఆలస్యంగా తెరుస్తాను, నీళ్లు నేను పోస్తాను.

మన రైల్వే ట్రాఫిక్ కాలనీ పిల్లలందరికీ దువ్వెనలూ రిబ్బన్లూ అమ్మేది నేనే. నా కూతురు ముక్కూ చెవీ బొజ్జా చూపించడం నేర్చిందని మాత్రం నువ్వు చెబితే తెలిసింది. నేను వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అది నిద్రలోనే ఉంటుంది. ఈ బేరంలో నష్టం నాదే.

“నాన్నేడే అంటే కొక్కేనికున్న మీ సొక్కా సూపిస్తాది, సూడండి!” అని నిన్న నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను గానీ, అన్నం సయించలేదు.

మరిచాను. సాయంత్రం నేను వచ్చేదాకా దాన్ని పడుకోనివ్వకు. ముందే ఆ చొక్కా తీసి పెట్టెలో పెట్టు. నేను గుమ్మంలోకి వచ్చాక అడుగు, నాన్నేడని.