కొండవైపు తిరగనందుకు

9 ఫిబ్రవరి 1998

రంగరాజు గారి ఇంపాలా కారు షెడ్డుకొచ్చింది. నాకంటే పదమూడేళ్ళు పెద్దది. క్లచ్ లేదు, గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. స్టార్ట్ చేస్తే డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు శబ్దం. ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపే పలుచటి పళ్ళ రేకు, ఫ్లెక్స్‌ప్లేట్, పగిలింది. షెడ్డు ఓనరూ మేస్త్రీ అయిన వరదన్న, ఈ పని నీదేనప్పా అన్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి నాకంటూ ఒక బండి! ఇది నడిస్తే రేణిగుంట రోడ్డులో నన్నిక ఎవరూ హెల్పర్ అనరు.

11 ఫిబ్రవరి

మద్రాసు నుంచి కొత్త ప్లేటు వచ్చింది. పసుపు, కుంకుమ పెట్టమన్నారు షెడ్డులో. ఇనుముకు బొట్టేమిటి అన్నాను. గొడవైంది. వరదన్న నా పక్షమే. నాకు హేతువాదం కరపత్రాలు మొదట ఇచ్చింది ఆయనే కదా.

14 ఫిబ్రవరి, సాయంత్రం 5

కారుతోపాటు వచ్చిన ఇంగ్లీషు మాన్యువల్‌ను డిక్షనరీ పెట్టుకుని చదివాను. గేర్‌బాక్స్ ముందు గుండిగలాంటి కన్వర్టర్ ఉంటుంది. తిప్పుతూ నెట్టి లోపల పూర్తిగా కూర్చోబెట్టాలి. కూర్చుంటే గేర్‌బాక్స్ చేత్తో నెట్టినా ఇంజిన్‌కు ఆనుకుంటుంది. ఆనుకోలేదు. అరంగుళం గ్యాప్. మళ్ళీ దించుదామన్నాను. మిగతావాళ్ళు టీకి పోయారు, ఉన్నది మేమిద్దరమే. వరదన్న నవ్వాడు. ఏమప్పా, పుస్తకం సూసి సంగటి గెలికే రకమా నువ్వు, బోల్టులు బిగిస్తే అదే వస్తాది అన్నాడు. నేను స్పానర్ కింద పెట్టేశాను. ఆయనే బిగించాడు.

15 ఫిబ్రవరి

ట్రయల్‌కు వెళ్ళాం. అలిపిరి చేరలేదు. రోడ్డంతా ఎర్రటి ఆయిల్. కన్వర్టర్ కూర్చోకుండానే బిగించినందుకు కొత్త ప్లేటు చీలింది, గేర్‌బాక్స్ లోపలి పంపు పగిలింది.

16 ఫిబ్రవరి



బోల్టులు బిగించింది ఎవరని రంగరాజు గారు అడిగారు. వరదన్న నన్ను చూపించాడు! వద్దు వద్దంటానే ఉండాను సార్, పుస్తకం సదివినోడు నా మాట యాడ ఇంటాడు అన్నాడు. నేను అరిచాను. స్పానర్ గోడకేసి కొట్టాను. రంగరాజు గారు కొండ మీద ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, గొంతు పెంచరు. అరుపులెందుకు నాయనా, బిగించనివాడెవడో కొండవైపు తిరిగి చెప్పండి, నమ్ముతాను అన్నారు. తిరుపతిలో అంతే. ఆ మాట మీద పైకోర్టు లేదు.

తిరగను అన్నాను. నిజం చెప్పడానికి రాయి సాక్ష్యం అక్కర్లేదన్నాను. నా మాట చాలదా అన్నాను. ఉపన్యాసమే ఇచ్చాను.

వరదన్న చెప్పులు విడిచాడు. కస్టమర్ల కోసం పెట్టిన దేవుడి పటం దగ్గర్నుంచి కర్పూరం తీసి అరచేతిలో వెలిగించుకున్నాడు. కొండవైపు తిరిగి, నేను బిగించలేదు సామీ అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా.

రేపట్నుంచి రావద్దన్నాడు.

17 ఫిబ్రవరి

అమ్మ కూడా, ఆ ఒక్క మాట అనేసుంటే నీ సొమ్మేం పోయిండునురా అంది.

20 ఫిబ్రవరి

మూడు షెడ్లు తిరిగాను. మూడు చోట్లా ఒకటే మాట: కొండకు మొగం సూపించలేనోడివి నువ్వేగదా.

22 ఫిబ్రవరి

టీ అంగడి దగ్గర వరదన్న కాలర్ పట్టుకున్నాను. విడిపించుకోలేదు. గ్లాసులో టీ కూడా ఒలకలేదు. పైన ఎవురూ లేరని నీకూ తెల్సు, నాకూ తెల్సు, లేనోడి ముందర సెప్పింది అబద్ధమెట్టయితాదిరా అన్నాడు. షెడ్డు పేరు పోతే నా పిల్లోళ్ళు యాడికి పోవాల, నువ్వు వయసులో ఉండావు, యాడైనా బతుకుతావు అన్నాడు.

ఇంటికొచ్చి కరపత్రాలన్నీ కిందేసి వెతికాను. ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ రాయలేదు.

24 ఫిబ్రవరి, పొద్దున 6

మిద్దె ఎక్కాను. ఎవరూ లేరు. కొండవైపు తిరిగి, గ్యాప్ ఉండింది, బిగించింది నేను కాదు అన్నాను. గట్టిగానే.

నమ్మి కాదు. చెప్పడానికి ఇంకెవరూ మిగల్లేదు.