మామా తోటలో రైలు పట్టాలు

అర్దియా, కువైట్
జనవరి 1991

అన్నా,

నీ చెల్లెలు క్షేమంగానే ఉంది, ముందు ఈ మాట నమ్ము. మనవాళ్లు ఇండియాకు బయలుదేరిన బస్సులో నేనెందుకు రాలేదని కోప్పడవద్దు. ఎందుకో రాసి, తర్వాతి బస్సులో వస్తున్న మన ఊరి బాలసుబ్బయ్య చేతికిచ్చి పంపుతున్నాను.

ఇరాక్ సైనికులు మా యజమానిని పట్టుకుపోయినప్పటి నుంచి ఆయన చిన్న కూతురు హెస్సా మాట్లాడటం మానేసింది. ఆయన ఆ బిడ్డ కోసం తెచ్చిన బొమ్మ రైలు పెట్టెలోనే ఉండిపోయింది. మొన్న నేనూ, హెస్సా వాళ్లమ్మా (ఇక్కడ యజమానురాలిని మామా అనే పిలుస్తాం) చలికి వణుకుతూనే తోటలో ఇసుక చదును చేసి పట్టాలు పరిచాం. గ్యాంగ్‌మన్ చెల్లెల్ని కదా, ప్రతి అతుకు దగ్గరా గోరంత సందు వదిలాను. నందలూరులో నీకు సద్ది తెచ్చినప్పుడల్లా చెప్పేవాడివి, "చలికి ఇనుము కుంచించుకుపోతాది మే, ఎండకు సాగుతాది. సందు లేకుంటే పట్టా పైకి లేస్తాది" అని.

రైలు కదలగానే హెస్సా దాని వెంట పరుగెత్తింది. "అమ్మా, చూడు, చూడు!" అని అరిచింది. ఇన్నాళ్లకు ఆ గొంతు విని మామా నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని పట్టాల వైపు చూపించింది.

"ఈ సందులెందుకు?"

"ఎండాకాలం కోసం మామా. అప్పుడు పట్టాలు సాగుతాయి."

"ఎండాకాలానికి మనం ఇక్కడ ఉంటామా?"

"ఉంటాం మామా. అందరం ఉంటాం" అన్నాను.

ఆ మాట అన్నాక, మర్నాడు బస్సెక్కడానికి నాకు కాళ్లు రాలేదన్నా. అమ్మకు నువ్వే నచ్చజెప్పాలి.

నీ చెల్లెలు