నేను బతికుండగానే బంగారు రంగు పూసిన నా పేరు

తైపింగ్ పట్టణం, కోటా వీధిలో కొట్టు మీది ఇంట్లో కాపురముంటున్న, కీర్తిశేషులు తియో బెంగ్ హ్వాట్ గారి భార్య ఊయ్ గేక్ చెంగ్ అను నేను, వయసు డెబ్బై నాలుగు, మార్కెట్లో నలభై ఏళ్ళు, కూర చుట్టుకు తినే పల్చని పోపియా రేకులు కాల్చి అమ్మినదాన్ని, ఎవరి బలవంతమూ లేకుండా, మతి స్థిమితంగా ఉండగా రాయించిన వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు. నేను బతికే ఉన్నాను. ఈ మాట వీలునామాలో రాయనక్కరలేదని లాయరుగారు అన్నారు. నా విషయంలో రాయక తప్పదు. అంత్యక్రియల కంపెనీ రికార్డు ప్రకారం నేను పోయిన నవంబరులోనే చచ్చిపోయాను.

1. ఈ వీలునామా అమలు బాధ్యత నా కూతురు హూయ్ పెంగ్‌ది. కొడుకు కా బెంగ్ పెద్దవాడైనా వాడికి ఇవ్వడం లేదు. కారణం రెండో క్లాజులో ఉంది.

2. మా ఆయన పోయినప్పుడు అస్థికల మందిరంలో మా ఇద్దరికీ జంట గూడు కొన్నాను. నా శవపెట్టె, మూడు రోజుల పూజ, దహనం, అన్నీ కలిపి ముందే కట్టేశాను. రాయి మీద ఇద్దరి పేర్లూ చెక్కారు. పోయినవారిది గనక ఆయన పేరు బంగారు రంగు, ఉన్నదాన్ని గనక నాది ఎరుపు. తొమ్మిదేళ్ళు అలాగే ఉంది. ఈ ఏప్రిల్లో, పోయినవాళ్ళకి మొక్కే చెంగ్ బెంగ్ పండుగకి ఆయనకి బాతు మాంసం, నారింజలు పెడదామని వెళ్ళి చూస్తే నా పేరు బంగారు రంగులో మెరుస్తోంది. దాని కింద కళ్ళజోడు పెట్టుకున్న ఎవరో ఆవిడ ఫోటో. బాతునీ నారింజల్నీ అక్కడే వదిలి కంపెనీ కౌంటరుకి వెళ్ళాను.

కౌంటరులో అమ్మాయి కంప్యూటర్ చూసి, "ఆంటీ, ఈ కాంట్రాక్టు అయిపోయింది. పెట్టె, పూజ, దహనం, గూడు, అన్నీ వాడేశారు" అంది.

"ఎవరు వాడేశారమ్మా?"

"మీరే, ఆంటీ."

కా బెంగ్‌కి ఫోన్ చేస్తే వాడన్న మాట ఇది: "రంగే కదమ్మా, మళ్ళీ ఎరుపు పూయిస్తారులే." ఆ కాంట్రాక్టు అమ్మిన ఏజెంటు లిమ్ హాక్ లియాంగ్ వీడి బడి స్నేహితుడే. మా బల్ల దగ్గర కూర్చుని నాలుగు పోపియాలు తిని నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

3. జరిగింది ఇదీ. మిస్ లిలియన్ ఫూ అని రిటైరైన ఇంగ్లీషు టీచరు, పెళ్ళి చేసుకోలేదు. ఎవరికీ భారం కాకూడదని పన్నెండేళ్ళు వాయిదాలు కట్టింది, అన్నీ హాక్ లియాంగ్ చేతికే. కంపెనీ ట్రస్టు ఖాతాలో ఒక్కటీ పడలేదు. ఆవిడ పోయేసరికి వాడు నా కాంట్రాక్టు నంబరు రాసిచ్చి పని కానిచ్చేశాడు. పనివాళ్ళ చీటీలో గూటి నంబరే ఉంటుంది, మనిషి పేరుండదు. వాళ్ళు అలవాటుగా ఎర్ర పేరు మీద బంగారు రంగు పూసి, కలశం పెట్టి వెళ్ళిపోయారు. ఆవిడకున్నది చెల్లెలి కూతురు కాథరిన్ ఒక్కతే. ఆ పిల్ల ఇంగ్లీషు బడిలో చదివింది, చీనా అక్షరం ఒక్కటీ రాదు. ఫోటో పైన ఉన్నది పెద్దమ్మ పేరే అనుకుంది, రెండోది పక్క గూటివారిది అనుకుంది.

మరుసటి ఆదివారం గూటి దగ్గరే కలిశాం. సంగతి చెప్తే తెల్లబోయింది.

"అయితే ఆంటీ, ఐదు నెలలుగా నేను మొక్కుతున్నది ఎవరికి?"

"పేరుకి నాకు. బూడిదకి మీ పెద్దమ్మకి. ఆవిడ పక్కనున్నది మా ఆయన."

"పెద్దమ్మకి మగాళ్ళ పొడే గిట్టదు ఆంటీ. బస్సులో కూడా పక్కన కూర్చోనిచ్చేది కాదు" అని నవ్వబోయి ఏడ్చేసింది.

4. వినియోగదారుల న్యాయస్థానంలో నేను వేసిన ఫిర్యాదు నా తర్వాత హూయ్ పెంగ్ నడపాలి. కంపెనీవాళ్ళు వేరే హాల్లో, లిఫ్టు పక్కన, అడుగు వరసలో ఒక గూడు చూపించి దానికి అప్‌గ్రేడ్ అని పేరు పెట్టారు. పైగా కొత్త సంతకం కావాలట. పెట్టొద్దు. నోరు మూసుకుంటామని రాసిచ్చే కాగితం మీద అసలే పెట్టొద్దు. నేను వాడుకోని సేవలన్నిటికీ పూర్తి సొమ్ము వెనక్కి రావాలి. మిస్ ఫూ కట్టిన వాయిదాల సంగతి కూడా అదే ఫిర్యాదులో ఉంది, దాన్ని విడదీసి రాజీ పడొద్దు. కాంట్రాక్టు నాలుగో పేజీలో, సంతకం చేశాక పదిహేను రోజుల్లో మనసు మార్చుకోవచ్చని సన్న అక్షరాల్లో ఉంది. ఆ పేజీ నాకెవరూ చదివి వినిపించలేదు. నా పిల్లలు దేనిమీద సంతకం చేసినా అన్ని పేజీలూ చదవాలి. సొమ్ము ట్రస్టులో పడినట్టు ఏటా కంపెనీ ముద్రతో కాగితం తీసుకోవాలి.

5. పోపియా పెనం కోడలు స్వీ ఇమ్‌కి. పదిహేనేళ్ళలో ఆమెను ఒక్కసారీ మెచ్చుకోలేదు. ఆమె చేతి రేకు నాకంటే పల్చగా వస్తుంది. ఎదురుగా చెప్పడానికి నోరు రాలేదు, ఇక్కడ చెప్తున్నాను.

6. ఇల్లు పిల్లలిద్దరికీ చెరి సగం. వాళ్ళ నాన్న సైకిలు కా బెంగ్‌కి. వాడి మీద కోపమే గాని, చిన్నప్పుడు దాని వెనక కూర్చుని వాళ్ళ నాన్న నడుము ఎంత గట్టిగా పట్టుకునేవాడో నాకు గుర్తుంది.

7. ఆడపడుచు గ్వాట్ కిమ్ ముప్పై ఏళ్ళ కిందట ఒక్క రోజుకని అడిగి తీసుకెళ్ళిన పచ్చరాయి గాజు గ్వాట్ కిమ్‌కే. ఇకమీదట దాన్ని నా కంట పడకుండా దాచుకునే శ్రమ ఉండదు.

8. హాక్ లియాంగ్‌కి ఏమీ లేదు. నా చావుకి వస్తే తిండి పెట్టి పంపండి. బల్ల దగ్గర మాత్రం కూర్చోనివ్వొద్దు.

9. నా అంత్యక్రియలకి మామూలు చెక్క పెట్టె, ఒక్క రోజు పూజ, మునిసిపల్ దహనవాటిక చాలు. వీటికి ఈసారి ముందుగా ఎవరికీ పైసా కట్టలేదు.

10. ఇది చివరిది, దీన్ని మార్చే హక్కు ఎవరికీ లేదు. మేనేజరు నాతో, "ఆంటీ, హక్కుదారు మీరు. ఊఁ అనండి, ఇవాళే ఆవిడని తీసి గోదాములో పెడతాం" అన్నాడు. ఊఁ అనాలనే వెళ్ళాను. తొమ్మిదేళ్ళుగా మా ఆయన పక్కకి చేరడానికే ఎదురుచూస్తున్నాను, ఆ చోటులో ఇంకొకరుంటే నాకు ఓర్పు లేదు. కానీ పైసాతో సహా కట్టి మోసపోయిన ఆడదాన్ని బస్తాలాగా గోదాములోకి తోయమనడానికి నోరు పెగల్లేదు. మిస్ ఫూ అక్కడే ఉంటుంది. రాయి మీద నా పేరు చెరిపించి, కంపెనీ ఖర్చుతో ఆవిడ పేరు చెక్కించాలి.

నా సంగతి ఇదీ. కాంట్రాక్టులో గూటికి రెండు కలశాలు అని మాత్రమే రాశారు. కలశంలో ఎందరుండాలో రాయలేదు. లాయరుగారితో మూడుసార్లు చదివించాను. మా ఆయన ఎముకలు చాప్‌స్టిక్‌లతో ఏరి, కాళ్ళవి ముందు, తలవి పైన, నా చేత్తో వేశాను. కలశం సగానికి కొంచెం పైగా నిండింది. హూయ్ పెంగ్, ఆ మూత నువ్వే తియ్యి. నన్ను అందులో పోసి, చేత్తో కలిపి, మూసెయ్యి. ఆ తర్వాత ఏది ఆయనో ఏది నేనో ఏ కంపెనీ వచ్చినా విడదీయలేదు.

తేదీ: 14 మే 2023, తైపింగ్.

(సంతకం) ఊయ్ గేక్ చెంగ్

సాక్షులు:
1. చువా టెక్ సూన్, దర్జీ, కోటా వీధి
2. రత్నవేలు ముత్తయ్య, రిటైర్డ్ పోస్టుమాస్టరు, తైపింగ్