ఆ ఒక్క ‘ని’

కీర్తిశేషులైన రచయితగారి భార్యనూ, కుట్టుపని చేసి ఇల్లు నడిపినదాన్నీ అయిన నేను, డెబ్బై ఆరేళ్ల వయసులో, తెలివి తప్పకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, నా స్వార్జితమైన ఆస్తికి ఈ ఏర్పాటు చేస్తున్నాను. దీనికి ముందు రాసినట్టు ఎవరైనా కాగితం చూపిస్తే అది చెల్లదు. మోకాళ్లు తప్ప నాలో అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

1. నా ఇల్లు, కింది కుట్టుగదితో సహా, నా కూతురికీ కొడుకుకీ చెరిసగం. మధ్యలో గోడ కట్టరాదు. ఈ షరతు ఎందుకో చెప్పాలి.

మా ఆయన చివరిసారి గ్రంథాలయం హాల్లో మాట్లాడుతూ బానిసల సంగతీ, తన వంశం సంగతీ ఎత్తారు. మైకు గరగరలాడింది. "మనుషుల్ని సంతలో కొనే రోజుల్లో మా వాళ్లు కూడా కొన్నారు" అన్నారని కొడుకు విన్నాడు. "మా వాళ్లని కూడా కొన్నారు" అన్నారని కూతురు విన్నది. తేడా ఒక్క ‘ని’. అడుగుదామంటే ఆ వారమే ఆయన పోయారు.

గ్రంథాలయం వాళ్లు ఆ వాక్యాన్ని రాతి మీద చెక్కిస్తామనేసరికి ఇంటి గొడవ వీధికెక్కింది. "నాన్న తప్పు ఒప్పుకున్నాడు, నువ్వు కప్పెట్టకు" అని వాడు. "మనవాళ్ల ఏడుపు నువ్వు చెరిపేయకు" అని అది. ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహం. "ముందు వరసలోనే ఉన్నావుగా, నువ్వు చెప్పమ్మా!" అని ఇద్దరూ నన్ను నిలదీసేవారు. ఆ క్షణాన నేను ఆయన చొక్కా కాలరు కుట్టు ఊడిందని చూస్తున్నాను. వినలేదన్నాను. ఇద్దరూ నమ్మలేదు.

2. గ్రంథాలయ కార్యదర్శి, అందరూ మైకు మాస్టారనే ఆయన, "బానిసల ఊసే ఎత్తలేదు, నేను పక్కనే ఉన్నా" అని, గొడవ ముదిరాక పత్రికకు చెప్పారు. ఆయనకు మా వారి గొంతు మాత్రల డబ్బా ఇస్తున్నాను. చెవికి మందు మా ఇంట్లో లేదు.

3. నా ఉన్ని శాలువా, కిటికీ పక్క మంచం, ఆ మంచమున్న గదిలో జీవితాంతం ఉండే హక్కు మా వదినకు, అంటే మా ఆయన అక్కగారికి. కాలు విరిగి మా ఇంటికొచ్చిన ఆమె మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి పిల్లలు మళ్లీ మొదలెడితే, "ఆపండర్రా!" అని కసిరింది.

"కొన్నవాడు మా ముత్తాత. కొనుక్కొచ్చింది మా ముత్తవ్వని. ఆమె కడుపునే మా తాత పుట్టాడు. మా నాయనమ్మ నా తల దువ్వుతూ చెప్పింది. మీ నాన్నకీ తెలుసు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?" అని కూతురు గొల్లుమంది.

"నన్నెవరడిగారే? వాడేమన్నాడని కొట్టుకు చచ్చారు. ఏం జరిగిందని ఒక్కరన్నా అడిగారా?"

కొడుకు మంచం అంచున కూలబడ్డాడు. "అయితే ఇద్దరం సరిగ్గానే విన్నామేమో అక్కా" అన్నాడు. "ఇద్దరం సగమే విన్నామేమోరా" అని అది వాడి పక్కన కూర్చుంది. నవ్వుకున్నారు, తర్వాత ఏడ్చారు. ఆ పూట ఇద్దరూ నా ఇంట్లోనే భోంచేశారు. నా గుండెల మీంచి బండ దిగింది.

4. కుట్టు మిషను కూతురికి. మూలిగినప్పుడు నూనె వేయాలి, తిట్టకూడదు. పెద్ద కత్తెర కొడుక్కి. చిన్నప్పుడు దొంగచాటుగా కాగితాలు కత్తిరించి దాని పదును పోగొట్టేవాడు. ఇక దర్జాగా పోగొట్టుకోవచ్చు.

5. ఈ వీలునామాను ఇద్దరూ కలిసే అమలు జరపాలి. మా ఆయన అన్నారంటూ ఏ వాక్యమూ రాతి మీద చెక్కనివ్వరాదు. ఆయన ఏమన్నారో నాకిప్పటికీ తెలియదు. తెలియదని హాయిగా చెప్పగలుగుతున్నాను. చెక్కించేదే ఉంటే ఆ ముత్తవ్వ పేరు చెక్కించండి. వదిన చెప్పగా పిల్లలిద్దరూ నేర్చుకున్నారు. విడివిడిగా పిలిచి పలికించి చూశాను. ఒక్క పొల్లు తేడా లేదు.

వానలు వెలిసిన తొలి గురువారం, పొద్దున్నే, కుట్టుగదిలో, నా చేత్తో రాసి చేసిన సంతకం:
(రచయితగారి భార్య)

సాక్షులు:
పక్క మందుల షాపు యజమాని
ఎదురింటి లెక్కల టీచరమ్మ
(ఆస్తి ముట్టేవాళ్లు సాక్షులు కారాదన్నారు గనుక పిల్లలిద్దరూ గుమ్మం బయట, ఒకే బల్ల మీద కూర్చున్నారు.)