పునుగు రాని పిల్లి

నరసాపురం,
11 నవంబరు 2024.

తణుకులో పూజాసామగ్రి వర్తకులు, మరిదిగారు లోకనాథ్ గారికి వదిన సత్యకుమారి వ్రాయునది. ఇక్కడ నేనూ, మీ భార్య అయిన నా చెల్లెలు రాణీ కులాసా. అక్కడ మీ పునుగు పిల్లిగారు కులాసా అని తలుస్తాను. అది బాగుంటే మీరూ బాగున్నట్టే కదా.

మీ వాయిస్ మెసేజ్ విన్నాను. పిల్లి అరటిపండు ముట్టడం లేదని, రాణి చేతిదైతేనే తింటుందని, కాబట్టి రాణిని వెంటనే బస్సెక్కించమని సెలవిచ్చారు. భార్యను కాపురానికి రమ్మనే మగవాళ్లను చూశాను గానీ, పిల్లికి పండు వలవడానికి రమ్మనేవారిని మిమ్మల్నే చూశాను. ఫోనులో జవాబు చెబితే సగంలో కట్ చేస్తారని ఈ ఉత్తరం.

స్వామివారికి పూసే పునుగు మీ ఇంట్లోనే తయారైతే కొట్టుకు తిరుగుండదని ఆశపడ్డారు. ఎవడో ఏజెంటు ఫారిన్ పునుగు పిల్లి అనగానే తెచ్చేశారు. బోనులో గంధపు కర్ర పాతారు. పిల్లి ఒళ్లు రుద్దుకుంటే ఆ కర్రకు పునుగు అంటుతుందట. అది రుద్దుకోలేదు సరికదా, కర్రకు తోక చుట్టి తలకిందులుగా వేలాడుతూ మీకేసి నాలుక చాపింది. అంత పొడుగు నాలుక మన బంధువుల్లో కూడా ఎవరికీ లేదు. అయినా తమరు రోజూ మడి కట్టుకుని, ఆ ఉత్త కర్రను చెంచాతో గీకి, వాసన చూసి, వస్తోంది వస్తోంది అనేవారట. మీ ముక్కుకో నమస్కారం.

పశువుల డాక్టరుగారు వచ్చి, ఇది పునుగు పిల్లి కాదండీ బాబూ, అసలు పిల్లే కాదండి, కింకజూ అంటారు, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద ఉంటుందండి, రకూన్లకు చుట్టం, పళ్లూ తేనే తింటుంది గానీ పునుగివ్వదండి అని మొత్తుకున్నారు. దానికి మీరు, ఫారిన్‌ది కదండీ, అలవాటు పడ్డానికి టైం పడుతుంది అన్నారట. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నవాడు మీకన్నా నయం. వాడికి కనీసం అది కుందేలని తెలుసు.

పగలు నిద్రపోయి రాత్రంతా తిరిగే ఆ జీవానికి రాణిని కాపలా పెట్టి, తమరు గురక పెట్టారు. పునుగు ఇవ్వడం లేదని ఒకరోజు మీరు కర్రతో పొడిస్తే, అది బెదిరి రాణి చెయ్యి కొరికింది. రక్తం కారుతుంటే, దాని పన్ను విరగలేదు కదా అని అడిగారట. చేతి కట్టుతో నా దగ్గరికి వచ్చేసి, ఆ మాట చెప్పేటప్పుడు రాణి నవ్వబోయి నవ్వలేకపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. మర్యాద కోసం ఇన్నాళ్లూ అనలేదు గానీ, మీరు ఉత్త దద్దమ్మ అండి.

రాణిని నేను ఆపడం లేదు. రావడం మానడం రాణి ఇష్టం.

ఇట్లు,
మీ మీద గౌరవం నటించడం మానుకున్న వదిన,
సత్యకుమారి

తా.క.: ఈ ఉత్తరం అందేసరికి మీ బోను ఖాళీ అయి ఉంటుంది. అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేసి మీ అడ్రసు చెప్పింది నేను కాదు, రాణే. జూలో దానికి చెట్లుంటాయా అని అడిగి, ఉంటాయని వాళ్లు చెప్పాకే ఫోను పెట్టింది. ఇక పండు వలిచే పని లేదు. అయినా రాణి కావాలనిపిస్తే ఆ మాట మీరే రాణికి రాయండి. ఫోను పెట్టాక చాలాసేపు ఏడ్చింది. మీ గురించేమోనని అడిగాను. కాదక్కా, పిల్లి గురించి అంది.