కణాల ఆకలి

హౌగాంగ్,
ఏప్రిల్ 9, 2000

అత్తయ్యగారికి నమస్కారం.

ఫోనులో చెప్పలేనిది రాస్తున్నాను. ఆ రోజు ఉదయం ఏడింటికి ఆసుపత్రికి చారన్నం పట్టుకెళ్ళాను. లలిత రెండు చెంచాలు తిని చాలంది. పదకొండింటికి కనీజ్ ఫాతిమా వచ్చి జడ వేసింది. ల్యాబులో లలితతో పనిచేసే హైదరాబాదు అమ్మాయి. మూడింటికి ఆయాసం మొదలైంది. నాలుగున్నరకు ప్రాణం పోయింది. చారన్నం డబ్బాలో అలాగే ఉంది.

అంతకుముందు మీరు రెండుసార్లు విమానమెక్కి ఇక్కడికి వస్తానన్నారు. నేనే వద్దన్నాను.

లలిత ల్యాబులో చూసేది లుకేమియా కణాలనే. ఇంకా ముదరని పచ్చి కణానికి ఆకలెక్కువట. దాని పొరలో ఆహారాన్ని లోపలికి లాక్కునే ద్వారాలు ఎక్కువ. మందు వేస్తే కణం ముదురుతుంది, ద్వారాలు తగ్గుతాయి, తిండి తగ్గుతుంది. అది బాగుపడటం. పెళ్ళయిన కొత్తలో ఇదంతా చెప్పి, "ముదిరితే తిండి తగ్గాలండీ. మీకెందుకు తగ్గలేదో!" అని నవ్వింది.

ఆ జబ్బే తనకొచ్చింది. ఆ మందే ఇచ్చారు. మూడోవారం అన్నం మానేసింది. ఒకచోట పనిచేసిన కంప్యూటర్ ప్రోగ్రామును ఇంకోచోట అతికించడం నా ఉద్యోగం. కణం లెక్క మనిషికి అతికించాను. "తిండి తగ్గిందంటే కణాలు ముదురుతున్నట్టే కదా?" అన్నాను. నావైపు చూసి, "అవునండీ" అంది. ఆ సాయంత్రమే మీకు ఫోన్ చేసి, తిండి తగ్గింది, మంచి సూచనే, రానక్కర్లేదని చెప్పాను.

మీకు కూతురి కడచూపు లేకుండా చేసింది నేను. క్షమించమని అడగను.

మీ అల్లుడు,
ఈశ్వరరావు


హౌగాంగ్,
ఏప్రిల్ 27, 2000

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం రైల్లో చదివాను. ఆఫీసు దగ్గర దిగలేదు. చివరి స్టేషన్ బూన్ లే దాకా వెళ్ళిపోయాను.

మీరు ఆగింది నా మాటకు కాదని రాశారు. మర్నాడు వార్డు నుంచి లలితే ఫోన్ చేసిందని, "అమ్మా, రాకు. నువ్వొస్తే ఆయనకు తెలిసిపోతుంది. ఉన్నన్నాళ్ళూ నమ్మనీ" అందని.

కనీజ్‌ను అడిగాను. "రిపోర్టు మొదట చదివింది ఆమేనన్నా. కణాలు ముదరట్లేదని ఆమెకు తెలుసు" అంది.

అంటే మీరూ లలితా నాకోసం ఒకరినొకరు చూసుకోకుండా ఉండిపోయారు.

ఉత్తరం చివర, నువ్వు తింటున్నావా బాబూ అని అడిగారు. లేదండి. కాఫీ, ఆఫీసులో రెండు రొట్టెముక్కలు. తిండి తగ్గడం మంచి సూచన కాదని ఇప్పుడు తెలుసు. ఆ డబ్బా కడిగి బోర్లించాను. మళ్ళీ ముట్టుకోలేదు.

మే నెలలో వస్తానన్నారు. రండి. రేపు ఉదయం చారు కాచి, అన్నం వండి, ఆ డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్తాను.

ఈశ్వర్